ప్లాటు అమ్మిపెట్టాలంటే నంబరు ఉండాలి

"అక్కా, నీకు తెలిసినవాళ్లకు నాలుగు ప్లాట్లు అమ్మిపెట్టు. నీకు కమీషను ఇస్తాం."

ఇలా అడిగేవాళ్లు మన వీధుల్లోకి వస్తుంటారు. చేతిలో రంగుల కాగితం పెడతారు. "ఇప్పుడే కడితే ధర తక్కువ" అంటారు. "నాదేం పోయింది, నోటిమాటే కదా" అని మనం అనుకుంటాం.

కాని కొనేవాళ్లు కట్టేది మాట కాదు, డబ్బు. కూలి చేసి కూడబెట్టిన డబ్బు. నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. రేపు ఆ ప్లాటు దక్కకపోతే వాళ్లు ఎవర్ని అడుగుతారు? మన గడప ముందుకే వస్తారు.

అందుకే ఈ పనికి ఒక చట్టం ఉంది. దాని పేరు రెరా. 2016లో పార్లమెంటు ఆ చట్టం చేసింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. రెరాలో నమోదైన వెంచర్లలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలి. దీన్నే జనం లైసెన్సు అంటారు.

లైసెన్సు ఎలా వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌కు ఒక రెరా, తెలంగాణకు ఒక రెరా ఉన్నాయి. దరఖాస్తును కంప్యూటర్‌లో పెట్టాలి. ఫోటో, పాన్ కార్డు, చిరునామా రుజువు కావాలి. రుసుము కట్టాలి. అన్నీ సరిగా ఉంటే మన పేరున ఒక నంబరు ఇస్తారు. గడువు తీరకముందే మళ్లీ పొడిగించుకోవాలి. ఇంత చదువు ఉండాలని ఆ చట్టంలో లేదు. ఆడవాళ్లూ చేయవచ్చు.

ఏజెంటు ఏం చేయాలి?

ప్రతి అమ్మకంలో తన నంబరు రాయాలి. లెక్కల పుస్తకం ఉంచాలి. కొనేవాళ్లకు కాగితాలన్నీ అందేలా చూడాలి. లేని రోడ్డు ఉందని, రాని అనుమతి వచ్చిందని చెప్పకూడదు.

కొత్త లేఅవుటు 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటితే దానికీ రెరా నంబరు ఉండాలి. నంబరు రాకముందే ప్లాట్లు అమ్మకూడదు. అమ్మిపెట్టిన ఏజెంటుకు రోజుకు 10 వేల రూపాయల జరిమానా పడవచ్చు. అది పెరిగి పెరిగి ప్లాటు ధరలో 5 శాతం దాకా పోవచ్చు. అంటే 10 లక్షల ప్లాటుకు 50 వేలు! వచ్చిన కమీషను దానికే చాలదేమో.

ఇంకో మాట. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా, ధరలో పదోవంతు కన్నా ఎక్కువ సొమ్ము కంపెనీ తీసుకోరాదు. ఈ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పేవాళ్లే మంచి ఏజెంటు.

అక్కలారా! ఇప్పుడు మనకు చదవడం వచ్చు. రంగుల కాగితం చేతికొస్తే బొమ్మలు తర్వాత చూద్దాం. ముందు రెరా నంబరు వెతుకుదాం. ఆ నంబరు నిజమా కాదా అన్నది రెరా వెబ్‌సైటులో తెలుస్తుంది. మనకు చూడటం రాకపోతే చదువుకునే పిల్లల చేత చూపించుకుందాం. నంబరు లేకపోతే కాగితం తిరిగి ఇచ్చేద్దాం.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ ఊరి దగ్గర వేసిన వెంచరు బోర్డు మీద రెరా నంబరు ఉందా?
2. మీకు ప్లాటు చూపించిన మనిషికి నంబరు ఉందా? మీరు అడిగారా?