ఎడిటింగ్ కీబోర్డుకు తగిన తొడుగు

పెళ్లి వీడియోను కత్తిరించి కూర్చే పనిలో అవే చర్యలు వందలసార్లు పునరావృతమవుతాయి కాబట్టి, ప్రతిసారీ మౌస్‌తో మెనూలను వెతకడం కన్నా ఒక మీట నొక్కి పని ముగించడం ఎంతో వేగంగా సాగుతుంది. ఇలా ఒక ఆదేశానికి కేటాయించిన మీటను, లేదా కలిపి నొక్కే మీటలను షార్ట్‌కట్ అంటారు. ఏ మీట ఏ పని చేస్తుందో రంగులతో, గుర్తులతో అచ్చువేసి, కీబోర్డు మీద అతికినట్టు కూర్చునేలా పలుచని సిలికాన్‌తో చేసిన తొడుగే షార్ట్‌కట్ కవర్. డెన్మార్క్‌కు చెందిన లాజిక్‌కీబోర్డ్, బ్రిటన్‌కు చెందిన ఎడిటర్స్ కీస్ వంటి సంస్థలు వీటిని తయారుచేస్తున్నాయి.

నాయుడుపేట, గూడూరు, సూళ్లూరుపేట వంటి పట్టణాల్లో ఎడిటింగ్ నేర్చుకునే యువకులు కవర్ కొనే ముందు తాము వాడే సాఫ్ట్‌వేర్ ఏదో చూసుకోవాలి. పెళ్లి వీడియోల రంగంలో విరివిగా కనిపించే ఎడియస్ విండోస్ మీద మాత్రమే, కంప్యూటర్లలోనైతే ఫైనల్ కట్ ప్రో ఆపిల్ మాక్ మీద మాత్రమే నడుస్తాయి. ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్ రెండింటి మీదా నడుస్తాయి. దృశ్యాన్ని వెనక్కు నడపడానికి జె, ఆపడానికి కె, ముందుకు నడపడానికి ఎల్ అనే అమరిక వీటన్నిటిలోనూ ఉన్నా, కట్ దగ్గరకు వచ్చేసరికి దారులు వేరవుతాయి. ఎడియస్‌లో సి నొక్కితే దృశ్యం ఆగిన చోటనే కట్ పడుతుంది. ప్రీమియర్‌లో అదే మీట కత్తిరించే పరికరాన్ని చేతికి అందిస్తుందే తప్ప కత్తిరించదు. ఫైనల్ కట్‌లోనూ రిజాల్వ్‌లోనూ ఆ పరికరం బి మీట మీద ఉంటుంది. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ కవర్‌ను మరొకదానికి వాడితే అది నేర్పడానికి బదులు తప్పుదారి పట్టిస్తుంది.

అంతకన్నా చిక్కైనది కంప్యూటర్ ఆకృతి. మాక్‌బుక్‌లలో ఒకే పరిమాణం గల యంత్రాలకు సైతం తయారైన సంవత్సరాన్ని బట్టి మీటల అమరిక మారుతుంది. కొన్ని మాక్‌బుక్ ప్రోలలో పై వరుస మీటల స్థానంలో టచ్‌బార్ అనే స్పర్శపట్టీ ఉండేది, 2021 నాటి 14, 16 అంగుళాల యంత్రాలలో పూర్తి పరిమాణపు మీటలు వచ్చాయి. అందుచేత పేరు, అంగుళాలు చెబితే చాలదు. యంత్రం అడుగుభాగాన ఎ అక్షరంతో మొదలై నాలుగంకెలతో ఉండే మోడల్ సంఖ్యను కవర్ వివరాలతో సరిచూడాలి. ఐరోపా అమరికలో ఎంటర్ మీట నిలువుగా, పెద్దదిగా ఉంటుంది. మన దేశంలో సాధారణంగా అమ్మే అమెరికన్ అమరికలో అది అడ్డంగా ఉంటుంది గనుక, విదేశాల నుంచి తెప్పించుకునేవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

విండోస్ లాప్‌టాప్‌లలో కంపెనీకో అమరిక కాబట్టి అచ్చుతో కూడిన కవర్లు అరుదు. నాయుడుపేట నుంచి సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ సామగ్రి దుకాణాలు ఎన్నో ఉన్నా, కొనేవారు లాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లి కవర్‌ను పరిచి చూసుకోవడమే క్షేమం. ఎత్తైన మీటలుండే డెస్క్‌టాప్ కీబోర్డుకు ఈ పలుచని కవర్ల కన్నా ఒక్కో మీట మీద అంటించే స్టిక్కర్లే మేలు. వీటికి యంత్రం మోడల్‌తో అంత పట్టింపు లేదు, ఖర్చూ తక్కువ. చిన్న స్టూడియోలకు ఇదే సరైన మార్గం. తెలుగు అక్షరాల స్టిక్కర్లతో టైపింగ్ నేర్చుకున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

మూత వేసేటప్పుడు కీబోర్డు మీద ఏ పొర ఉన్నా తెర దెబ్బతినవచ్చని ఆపిల్ హెచ్చరిస్తోంది. పని ముగియగానే కవర్ తీసివేయాలి. కొన్ని లాప్‌టాప్‌లలో మీటల సందుల నుంచి కూడా వేడి బయటకు పోతుంది గనుక, గంటల తరబడి రెండరింగ్, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా మార్చే ప్రక్రియ, జరుగుతున్నప్పుడు కవర్ లేకపోవడమే మంచిది. ఇక రెండు సాఫ్ట్‌వేర్‌లు వాడేవారికి రెండో కవర్ అవసరం లేకపోవచ్చు: రిజాల్వ్‌లోని కీబోర్డు అమరికల పట్టికలో ప్రీమియర్ షార్ట్‌కట్‌ల సమితిని ఎంచుకుంటే, ప్రీమియర్ కోసం కొన్న కవర్ మీది గుర్తులు చాలావరకు అక్కడా పనికివస్తాయి.