ప్రోగ్రాము మరణవాఙ్మూలము

ఇంటిలోని రేడియో ఉన్నట్టుండి మూగవోయినచో మరమ్మతు చేయువాడు ముందుగా కొన్ని ప్రశ్నలు వేయును. ఎప్పుడు ఆగినది? అంతకుముందు గరగర వినవచ్చినదా? మాడిన వాసన వచ్చినదా? జవాబులు లేనిచో పెట్టెనంతయు విప్పి చూడవలసినదే. కంప్యూటరు ప్రోగ్రాము పని నడుమ కూలినప్పుడు దానిని వ్రాసిన మావంటివారి స్థితియు ఇట్టిదే. అయితే ఇచట ఒక సౌకర్యము కలదు. కూలిపోవు ప్రోగ్రాము తన మరణవాఙ్మూలమును తానే ఇచ్చిపోగలదు.

"ఏదో పొరపాటు జరిగినది" అను సందేశమును మనమందరము చూచియే ఉందుము. అది చూచినవానికి దిగులు కలిగించును. సరిచేయువానికి ఏమియు తెలుపదు. మంచి నివేదిక మూడు సంగతులు చెప్పవలెను: ప్రోగ్రాము ఎచట ఆగినది, ఏ పని నుండి ఏ పనికి పోయి అచటికి చేరినది, అప్పుడు దాని చేతనున్న విలువలేవి.

ఒక ఉదాహరణము చూతము. ఒకే పంక్తిలో రెండు భాగహారములున్నవనుకొందము. భాజకములలో ఒకటి సున్న అయినచో, పైథాన్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము ఆగిపోయి, సున్నచే భాగించుట జరిగినదని చెప్పి, పంక్తి సంఖ్యను చూపును. మునుపు అంతవరకే. సున్న ఆ రెంటిలో ఎచటిదో మేమే వెదకుకొనెడివారము. 2022 అక్టోబరులో వెలువడిన 3.11వ కూర్పు నుండి, తప్పిన భాగము క్రిందనే గుర్తులు కనబడుచున్నవి. ప్రోగ్రాములోని తప్పు తగ్గలేదు, వెదకులాట తగ్గినది.

నివేదిక వ్రాసిన చాలదు. అది తగినవారికి చేరవలెను. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తొలిసారి పైకి లేచినది. సుమారు 30 సెకనులకు, దాని గమనమును కొలుచు పరికరములోని ప్రోగ్రాము, ఒక పెద్ద సంఖ్యను చిన్న గడిలో ఇమిడ్చబోయి విఫలమైనది. ఆ పరికరము తన దోషమును తెలుపు సంకేతములను పంపగా, ప్రధాన కంప్యూటరు వానినే గమనపు కొలతలనుకొని రాకెట్టును త్రిప్పినది. కొలది క్షణములలో రాకెట్టు ముక్కలైనది. రోగి మూలుగును దారిచెప్పు మాటగా ఎంచినట్లాయెను!

కావున నివేదిక ఇది నివేదికయే అని తెలియునట్లుండవలెను. అందు వాడుకరి రహస్యపదముల వంటివి చేరరాదు.

శ్రోతలకును ఒక మనవి. మీ ఫోనులో దోషసందేశము కనబడినచో వెంటనే చెరిపివేయకుడు. అక్షరము పోకుండ వ్రాసికొని, అప్పుడు మీరేమి చేయుచుండిరో చేర్చి చెప్పుడు. సగము మరమ్మతు అచటనే ముగియును.