టర్నర్ సిండ్రోమ్‌లో నోటి, అంగిలి లక్షణాలు: ఒక పరిశీలన

స్త్రీలలో సాధారణంగా ఉండే రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి పూర్తిగా గాని, పాక్షికంగా గాని లోపించినప్పుడు ఏర్పడే స్థితి టర్నర్ సిండ్రోమ్. సుమారు 2,000 నుండి 2,500 మంది ఆడశిశువులలో ఒకరికి ఇది ఉంటుంది. 1938లో అమెరికా వైద్యుడు హెన్రీ టర్నర్ దీనిని వర్ణించగా, 1959లో దీని క్రోమోజోమ్ మూలం వెల్లడైంది. పొట్టితనం, అండాశయాల వైఫల్యం దీని ప్రసిద్ధ లక్షణాలు. నోటిలోని మార్పులు మాత్రం తరచుగా దృష్టికి రావు.

ఈ మార్పులలో ముఖ్యమైనది అంగిలి ఆకృతి. దీనిని ‘ఎత్తైన అంగిలి’గా పేర్కొనడం పరిపాటి. అయితే ఇక్కడ కొంత వివేచన అవసరం. పైదవడ ఇరుకుగా ఉండడం, అంగిలికి ఇరుపక్కలా కణజాలపు గట్లు ఉబ్బి ఉండడం వలన మధ్యభాగం లోతైన గాడిలా కనిపిస్తుంది. అందువలన నిజమైన ఎత్తు పెరగకపోయినా పెరిగినట్లు తోచవచ్చు. ఈ గట్లు గర్భస్థ శిశువులందరిలో సహజంగానే ఉంటాయి. పుట్టిన తరువాత నాలుక ఒత్తిడికి క్రమంగా అణగిపోతాయి. నాలుక అంగిలిని తగినంతగా ఒత్తని పక్షంలో అవి నిలిచిపోతాయని ఒక వివరణ.

కింది దవడ చిన్నదిగా, వెనుకకు జరిగి ఉండడం మరొక లక్షణం. దీనికి పైదవడ ఇరుకుతనం తోడైనప్పుడు పై, కింది పలువరుసలు సరిగా కలియవు. ఎముకల పెరుగుదలకు తోడ్పడే షాక్స్ జన్యువు ఒక ప్రతి లోపించడం ఇందుకు ఒక కారణంగా భావించబడుతోంది.

దంతాలలోనూ ప్రత్యేకతలున్నాయి. పంటి పైభాగం చిన్నదిగా, ఎనామిల్ పొర పలుచగా ఉంటుంది. ఎనామిల్ నిర్మాణానికి అవసరమైన అమెలోజెనిన్ ప్రోటీన్ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండడం ఈ సందర్భంలో గమనార్హం. శాశ్వత దంతాలు ముందుగా రావడం, వాటి మూలాలు పొట్టిగా ఉండడం కూడా సాధారణమే. కాబట్టి పలువరుస సరిచేసే చికిత్సకు ముందు ఎక్స్‌రే ద్వారా మూలాలను పరీక్షించి, స్వల్ప బలాన్నే ప్రయోగించవలసి ఉంటుంది.

ఇరుకైన అంగిలి ఇతర స్థితులలోనూ కనిపిస్తుంది. అదొక్కటే రోగనిర్ధారణకు చాలదు. అయితే వయసుకు తగిన ఎత్తు లేని బాలికలో ఈ లక్షణాలు కూడి కనిపిస్తే క్రోమోజోమ్ పరీక్షకు పంపడం సముచితం. నిర్ధారణ ఆలస్యమైన కొద్దీ గ్రోత్ హార్మోన్ చికిత్సకు అనువైన కాలం తగ్గిపోతుంది. గుండె, బృహద్ధమని లోపాలు గుర్తింపబడకుండా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. పలువరుస కోసం వచ్చిన బాలికకు దంతవైద్యుని పరిశీలనే తొలి సూచన కాగలదు.