తూకం చూపని కొవ్వు

రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి ఆ పేరు రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు వల్ల వచ్చింది. వ్యాగన్ల పని తెలిసినవారికి ‘హాట్ యాక్సిల్’ గురించి చెప్పనక్కరలేదు. బండి సాగుతూనే ఉంటుంది, లోపల బేరింగు మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారి ఒంట్లో జరిగేదీ దాదాపు ఇదే. దీన్ని దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

నిజానికి ఇన్‌ఫ్లమేషన్ శరీరానికి రక్షణ. వేలు తెగితే అక్కడ ఎర్రబడి వాస్తుంది. రోగనిరోధక కణాలు వచ్చి, పని ముగించుకుని వెళ్లిపోతాయి. కొవ్వులో మాత్రం అవి తిష్ఠ వేస్తాయి. కొవ్వు కణాలు అతిగా ఉబ్బితే వాటికి ఆక్సిజన్ చాలదు, కొన్ని చనిపోతాయి. వాటిని తొలగించడానికి మాక్రోఫేజ్‌లనే కణాలు చేరి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి రసాయనాలను వదులుతూ ఉంటాయి. ఇవి కాలేయంలో, కండరాల్లో ఇన్సులిన్ మాట చెల్లనివ్వవు. మధుమేహానికి దారి పడేది ఇక్కడే. రక్తనాళాలకూ ఈ సెగ తగులుతుంది. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా ఎక్కువగా తయారవుతోందని హోటామిస్లిగిల్, స్పీగెల్మన్ బృందం 1993లో చూపింది. అప్పటిదాకా కొవ్వును ఎక్కువమంది గోదాములో సరుకులాగే చూశారు.

‘నేను సన్నగానే ఉన్నాను కదా’ అనుకునేవారు ఒక ఫొటో సంగతి తెలుసుకోవాలి. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఆ ఫొటో 2004లో ‘లాన్సెట్’లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! భారతీయుల్లో చాలామందికి బరువు మామూలుగానే ఉన్నా కొవ్వు పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరుతుంది. సెగ ఎక్కువగా పుట్టించేది ఆ కొవ్వే.

అందుకే తూకం యంత్రం కన్నా దర్జీ టేపు నయం. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, దాన్ని పొట్ట కిందికి దించి కట్టేవారే ఎక్కువ. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే రక్తంలో చక్కెర, కొవ్వులు, రక్తపోటు పరీక్ష చేయించుకోవాలి. సీఆర్‌పీ పరీక్ష ఇన్‌ఫ్లమేషన్‌ను చూపుతుంది కానీ జలుబు, జ్వరం ఉన్నా అది పెరుగుతుంది. ఒక్క అంకె చూసి బెంగపడక్కర్లేదు. నొప్పి మాత్రలతో ఈ సెగ తగ్గించుకోవాలని చూడటం ప్రమాదం, అవి మూత్రపిండాలను, కడుపును దెబ్బతీయగలవు. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గితే సీఆర్‌పీ కూడా సాధారణంగా దిగివస్తుంది.