లినక్స్‌లో ఆడియో సీడీ ఓపెన్ కావట్లేదా..? సీడీ పాడవలేదు, అసలు సంగతి ఇదీ!

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేయించారు. నెట్ వస్తోంది, వీడియోలు ఆడుతున్నాయి, అంతా ఓకే. కానీ బీరువాలోంచి పాత పాటల సీడీ తీసి పెడితే మాత్రం ఫోల్డర్ తెరుచుకోదు. ఒక్కోసారి 'మౌంట్ కాలేదు' అని ఎర్రర్ కూడా వస్తుంది. దాంతో సీడీ పోయిందనో, డ్రైవ్ పోయిందనో అనుకుని చాలామంది పక్కన పడేస్తున్నారు. నిజానికి ఎక్కువసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి. మనం అడిగే పద్ధతిలోనే తేడా ఉంది.

ఇప్పుడెందుకీ గోల అంటే..

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఏమో పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. మూసారాంబాగ్, మలక్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇళ్లలో పిల్లల కంప్యూటర్ కోర్సుల టైమ్‌లో కొన్న డెస్క్‌టాప్‌లు ఇంకా చాలానే ఉన్నాయి. వాటిని పడేయకుండా బతికించుకోవాలంటే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి మంచి దారి. డబ్బులు కట్టక్కర్లేదు. తెలుగులో మెనూలూ పెట్టుకోవచ్చు. ఆ మాటకొస్తే, తెలుగులోనే లినక్స్ తేవాలని హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ ఎప్పుడో పని మొదలుపెట్టింది.

ఇంకో విషయం.. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ దాదాపు కనిపించడమే లేదు. అంటే చాలా ఇళ్లలో సీడీ ఆడే మెషీన్ ఏదైనా మిగిలి ఉందంటే అది ఆ పాత డెస్క్‌టాపే.

అందులో అసలు ఫైల్సే ఉండవు!

పెన్‌డ్రైవ్‌లో పాట అంటే ఒక ఫైల్. ఎంపీ3 సీడీలోనూ అంతే.. ఫోల్డర్లు, ఫైల్స్ ఉంటాయి కాబట్టి లినక్స్‌లో మామూలుగానే ఓపెన్ అవుతుంది. ఒరిజినల్ ఆడియో సీడీ లెక్క వేరు. సోనీ, ఫిలిప్స్ కలిసి తయారు చేసిన ఈ పద్ధతి 1982లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి ఇళ్లలో కంప్యూటర్లే అరుదు. ఇక ఫైల్, ఫోల్డర్ అనే ఆలోచన ఎందుకుంటుంది?

ఆడియో సీడీలో ఉండేది లోపలి నుంచి బయటికి చుట్టలా సాగే ఒకే గీత. దాని మీద సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం, కుడి ఎడమ రెండు చానెళ్లకూ వేర్వేరుగా ఉంటుంది. మొదట్లో ఒక చిన్న విషయసూచిక.. ఏ పాట ఎన్ని నిమిషాల దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. అంతే. పాట పేరు కూడా చాలా సీడీల్లో ఉండదు. అందుకే 'మౌంట్' చెయ్యమంటే లినక్స్ చేతులెత్తేస్తుంది. మౌంట్ చెయ్యడానికి అక్కడ ఫైల్ సిస్టమే లేదు మరి. క్యాసెట్ నుంచి ఫోల్డర్ అడిగినట్టు!

విండోస్‌లో తెరుచుకునేది కదా అంటారా..? అక్కడ కనిపించేవి 'ట్రాక్01 డాట్ సీడీఏ' లాంటి పేర్లు. ఒక్కొక్కటీ 44 బైట్లు మాత్రమే. అవి పాటలు కావు, పాట ఎక్కడుందో చెప్పే చీటీలు. వాటినే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, 'హమ్మయ్య, పాటలన్నీ దాచేశాం' అనుకున్నవాళ్లు బోలెడంతమంది. తర్వాత సీడీ లేకుండా ప్లే చేస్తే ఏముంది.. నిశ్శబ్దం! మీ ఇంట్లోనూ అలాంటి పెన్‌డ్రైవ్ ఉంటే ఒకసారి చెక్ చేసుకోండి. సీడీ ఇంకా పడేయలేదు కదా?

మరి లినక్స్‌లో ఎలా ప్లే చెయ్యాలి?

సీడీని ఫైల్ మేనేజర్‌కి కాదు, నేరుగా మ్యూజిక్ ప్లేయర్‌కి అప్పజెప్పాలి. లినక్స్ మింట్‌లో రిథమ్‌బాక్స్ ముందే ఉంటుంది. ఉబుంటులో లేకపోతే యాప్ సెంటర్‌లో దొరుకుతుంది. సీడీ పెట్టి, డ్రైవ్ తిరగడం మొదలయ్యాక కాసేపు ఆగండి. పాత డ్రైవ్‌లు టైమ్ తీసుకుంటాయి. రిథమ్‌బాక్స్ ఎడమ పక్క లిస్ట్‌లో సీడీ కనిపిస్తుంది. దాని మీద క్లిక్ చేస్తే పాటల వరుస వస్తుంది, ప్లే నొక్కడమే. సీడీ కనిపించకపోతే ప్లగిన్స్‌లోకి వెళ్లి 'ఆడియో సీడీ ప్లేయర్' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి.

వీఎల్‌సీ అలవాటున్నవాళ్లకి ఇంకా సింపుల్. మీడియా మెనూలో 'ఓపెన్ డిస్క్' నొక్కి, 'ఆడియో సీడీ' ఎంచుకుని ప్లే కొట్టాలి. చాలామంది ఇక్కడ 'డీవీడీ' మీదే వదిలేసి, రావట్లేదని కంప్లైంట్ చేస్తారు. కొన్ని లినక్స్‌లలో మీ యూజర్‌కి డ్రైవ్ వాడే పర్మిషన్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మీ పేరును 'సీడీరోమ్' గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

ట్రాక్ కదులుతోంది కానీ సౌండ్ లేదా? ఎప్పటిదో పాత ప్లేయర్ వాడుతున్నారేమో చూడండి. ఒకప్పుడు సీడీ డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు సన్నటి వైర్ ఒకటి ఉండేది. ఆ రోజుల ప్లేయర్లు డ్రైవ్‌కి 'ఆడు' అని చెప్పి ఊరుకునేవి, సౌండ్ ఆ వైర్‌లో వచ్చేది. ఇప్పుడా వైరే లేదు. రిథమ్‌బాక్స్, వీఎల్‌సీ డేటాను డిజిటల్‌గా చదివి వినిపిస్తాయి కాబట్టి వాటితో ఈ తలనొప్పి ఉండదు.

తెలుగు పాటలకి పేర్లు రావేం?

ప్లేయర్లు మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌ని అడుగుతాయి. పాటలు ఎక్కడెక్కడ మొదలవుతున్నాయో ఆ నంబర్లను బట్టి ఇది ఫలానా ఆల్బమ్ అని గుర్తుపడతాయి. దాన్ని నింపేది వాలంటీర్లే. ఇంగ్లిష్ ఆల్బమ్‌లు దండిగా ఉంటాయి, తెలుగు సినిమా సీడీ అయితే 'ట్రాక్ 1, ట్రాక్ 2' అని వచ్చే చాన్స్ ఎక్కువ. పేర్లు మీరే టైప్ చేసుకోవచ్చు. ఓపికుంటే డేటాబేస్‌లోనూ చేర్చండి. అదే సీడీ ఉన్న ఇంకొకరికి పేర్లు వాటంతటవే వస్తాయి.

సినిమా పాటలైతే సరే.. ఇంట్లో రికార్డ్ చేసినవో?

అసలు తొందరపడాల్సింది ఇక్కడే. సినిమా పాట పోతే ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. కానీ తాతయ్య చదివిన పద్యాలు, అమ్మాయి సంగీతం క్లాస్ రికార్డింగ్, పెళ్లిలో పాడిన పాటలు.. ఇవి స్టూడియోవాళ్లు రాసిచ్చిన ఒక్క సీడీలోనే ఉంటాయి. కంపెనీ సీడీలో సమాచారం ప్లాస్టిక్‌లోనే అచ్చయి ఉంటుంది. ఇంట్లో రాసిన సీడీ-ఆర్‌లో మాత్రం అది ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండకీ, వేడికీ ఆ పొర మెల్లగా పాడవుతుంది. హైదరాబాద్ మే నెల ఎండలో అటక మీద ఇరవై ఏళ్లు ఉన్న సీడీ సంగతి చెప్పేదేముంది!

అందుకే ఇలాంటివి వినడంతో ఆగకుండా వెంటనే కాపీ తీసుకోండి. రిథమ్‌బాక్స్‌లో సీడీ తెరిచాక 'ఎక్స్‌ట్రాక్ట్' బటన్ ఉంటుంది. దానికి ముందు ప్రిఫరెన్సెస్‌లో ఫార్మాట్ 'ఫ్లాక్' అని పెట్టుకోండి. ఫ్లాక్‌లో క్వాలిటీ ఏమాత్రం తగ్గదు, సైజ్ మాత్రం దాదాపు సగానికి వస్తుంది. గంట సీడీ 300 నుంచి 400 ఎంబీ దాకా అవుతుంది. ఎంపీ3 కావాలంటే తర్వాత దాంట్లోంచే చేసుకోవచ్చు. గీతలు పడ్డ సీడీ అయితే 'అసండర్' అనే చిన్న యాప్ బెటర్. అది వెనకాల సీడీ పారనోయా అనే ప్రోగ్రామ్‌ని వాడి, సరిగ్గా రాని చోటును మళ్లీ మళ్లీ చదువుతుంది. ఒక్క పాటకి అరగంట పట్టినా కంగారు పడొద్దు, మధ్యలో ఆపొద్దు.

వరద నీళ్లలో తడిసినా..

2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి, మూసారాంబాగ్ బ్రిడ్జి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఇంట్లోకి నీళ్లొస్తే అట్టపెట్టెలో సీడీలు బురదపాలవుతాయి. అంతమాత్రాన ఆశ వదులుకోవద్దు. కంపెనీ సీడీలైతే తేరుకునే అవకాశం బాగానే ఉంది. కవర్లోంచి తీసి, మంచినీళ్లతో మెల్లగా కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. తుడిచేటప్పుడు మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా రుద్దకూడదు, ఎందుకంటే గీత వెంబడే గీరుకుపోతే డ్రైవ్ సర్దుకోలేదు. పేరు రాసి ఉండే పైవైపే ఇంకా సున్నితం. మెరిసే పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది, అక్కడ లోతుగా గీత పడితే ఆ ముక్క పోయినట్టే. బాల్‌పెన్‌తో రాయడం, స్టిక్కర్లు పీకడం అస్సలు వద్దు.

ఇంతకీ డ్రైవ్ ట్రేనే బయటికి రావట్లేదా? కంప్యూటర్ పూర్తిగా ఆఫ్ చేసి, ట్రే ముందు కనిపించే సన్నటి రంధ్రంలోకి నిటారుగా చేసిన పేపర్ క్లిప్ పెట్టి మెల్లగా నొక్కండి. ట్రే కొంచెం ముందుకొస్తుంది, చేత్తో లాగొచ్చు. డ్రైవ్ పూర్తిగా చచ్చిపోయి ఉంటే యూఎస్‌బీతో పెట్టుకునే డీవీడీ డ్రైవ్ కోఠిలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో అడగండి. సాధారణంగా డ్రైవర్ సీడీ కూడా అవసరం లేకుండానే లినక్స్ దాన్ని గుర్తుపడుతుంది.