నూట ఇరవై బూరలు

శ్రీశైలం డ్యాం దగ్గరి సున్నిపెంటలో ఒకప్పుడు ఈస్టరు తెల్లవారుజామున మా సంఘం ముందు బ్యాండుమేళం నడిచేది. క్లారినెట్లు, ట్రంపెట్లు, పెద్ద డ్రమ్ము. కొండలు మారుమోగేవి!

అమెరికాలో 1970వ దశకంలో ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ వంటి సోల్, ఫంక్ బృందాల్లోనూ తొమ్మిది పది మంది కలిసి వాయించేవారు. సోల్ సంగీతానికి వేరు నల్లజాతి సంఘాల ఆరాధన పాటల్లోనే ఉంది. 1980వ దశకంలో సింథసైజరు, డ్రమ్ మెషీను వచ్చి చాలామంది బూరలవారిని ఇంటికి పంపాయి.

మా దగ్గర ఆ పని ఒక్క కీబోర్డు చేసింది. ఖర్చు తగ్గుతుందని కొనిపించినవాణ్ణి నేనే.

సొలొమోను మందిర ప్రతిష్ఠలో 120 మంది యాజకులు బూరలూదారు (2 దినవృత్తాంతములు 5). వారూ గాయకులూ ఏకస్వరమైనప్పుడే మందిరం మేఘంతో నిండింది.

మా ట్రంపెట్ అన్న ఇప్పుడు చివరి వరుసలో కూర్చుంటాడు. కీబోర్డులో బూరశబ్దం వచ్చినప్పుడల్లా పెదవులు బిగిస్తాడు.