నిలువ నీడ – విడువని తోడు

సత్యవేడునకు కొలది దూరమున, అరణియారు నది యొడ్డున, సురుటుపల్లి యను గ్రామము కలదు. అచ్చటి ఆలయమున పరమశివుడు పల్లికొండేశ్వరుడను పేర శయనించి యుండును. హాలాహలమును మ్రింగి సొమ్మసిల్లిన స్వామి ఆ తావున పార్వతీదేవి యొడిలో తల యుంచి విశ్రమించెనని స్థలపురాణము చెప్పును. లోకములకు నీడ యగు దేవునికి సైతము అలసిన వేళ పండుకొనుటకు చోటు మాత్రమే చాలలేదు. తల ఆన్చుటకు ఒక యొడి కావలసివచ్చినది. ఇల్లులేని మానవుని గూర్చి ఆలోచించునప్పుడు మన ప్రభుత్వములు ఈ మాటనే తరచుగ మరచుచున్నవి.

సత్యవేడు సీమ చిరకాలము చెంగల్పట్టు జిల్లాలో నుండి, రాష్ట్రముల సరిహద్దుల సర్దుబాటు వలన 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. చిత్తూరు జిల్లాలో అరువదిరెండేండ్లుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. తెలుగును అరవమును కలిసి వినవచ్చు ఈ ప్రాంతమున 2008లో శ్రీసిటీ పారిశ్రామిక నగరము వెలసి, సత్యవేడు, వరదయ్యపాళెం మండలముల రూపమునే మార్చినది. దేశదేశముల కర్మాగారములు వచ్చినవి. పలువురకు పని దొరకినది. అయితే కర్మాగారము వచ్చినచోట నేలకును అద్దెకును వెల హెచ్చుట సహజము. ఆ వెల ఇయ్యజాలనివాడు మెల్లగ ఊరి అంచునకు, అచ్చటనుండి చెట్టు క్రిందికి జరుగును.

ఇట్టివారిలో ముందుగ తలపవలసినవారు యానాదులు. రాష్ట్రమున ఐదు లక్షలకు పైబడిన ఈ జాతివారు నెల్లూరు, చిత్తూరు సీమలలో అధికముగ కలరు. ఆంగ్లేయుల చట్టము వారిపై వేసిన నేరస్థ జాతి యను ముద్ర పిదప తొలగినది. వారి సేవలో జీవితమును గడిపిన నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో వారిని గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించిరి. ముద్ర పోయినది గాని నేల రాలేదు. మామిడితోటకు కావలి యుండు యానాది తోటలోనే గుడిసె వేసికొనును. ఆ గుడిసె యున్న నేల తోట యజమానిది. పని పోయిననాడు ఇల్లును పోవును. ఇల్లు పోవునను భయమున కూలి తక్కువైనను పని విడువడు. జనాభా లెక్కలలో ఇతడు ఇల్లు గలవాడే! ఇంటిపై ఇతనికి గల హక్కు మాత్రము ఒక్క పంటకాలమునకు మించదు.

లెక్కలకు వచ్చినవారి మాట చూతము. 2011 జనాభా లెక్కలలో మనదేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 73 వేలమంది. వీరిలో పట్టణములందున్నవారు 9 లక్షల 38 వేలు. తక్కిన 8 లక్షల పైచిలుకు పల్లెలవారే. అనగా గృహహీనులలో ఇంచుమించు సగము మంది నగరముల వెలుపలనున్నారు. కాని గృహహీనుల పేరిట ప్రత్యేకముగ వ్యయపరచు సొమ్ము నగరములకే ప్రవహించినది. 2010లో చలికి వీథులందు జనులు మరణించుట చూచి సుప్రీంకోర్టు కలుగజేసికొని, పెద్ద నగరములలో లక్ష జనమునకు ఒక వసతిగృహము ఉండవలెనని ఉత్తరువులిచ్చినది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము ఆ లెక్కనే అనుసరించినది. లక్ష జనము లేని సత్యవేడు ఈ లెక్కలోనికి రానేరాదు. అచ్చటి బస్సు నిలయమున పండుకొను ఒంటరి వృద్ధురాలు గృహహీనురాలుగ గుర్తింపబడవలెనన్నచో తిరుపతికి బస్సు ఎక్కవలసినదే!

తిరుపతికి పోయినచో ఆమెకు వసతిగృహమున చాప, దుప్పటి దొరకవచ్చును. ఇది చిన్న మేలు గాదు. వానరాత్రి ఆ చాపయే ప్రాణము. అయినను లెక్క యొకటి గమనింపదగినది. ఏబదిమంది తలదాచుకొను వసతిగృహమును నడుపుటకు ఆ పథకము ఏటికి ఆరు లక్షల రూపాయలు నిర్ణయించినది. అనగా మనిషికి ఏటికి పండ్రెండు వేలు. పదేండ్లు ఒక మనిషి అచ్చటనే పండుకొన్నచో అతని పాలిట వ్యయము లక్షా ఇరువది వేలు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ గృహ పథకమున మైదాన ప్రాంతముల ఇంటికి నిర్ణయించిన సహాయమును సరిగ్గా లక్షా ఇరువది వేలే! ఆ సొమ్ముతో ఇల్లు పూర్తిగ లేచునని నేను చెప్పను. వసతిగృహపు భవనమునకైన ఖర్చును ఇందు కలుపలేదు. కాని పదేండ్లు వెచ్చించిన పిమ్మట ఒకచోట ఇంటికి పునాదియైన మిగులును. మరియొకచోట పదునొకండవ యేటి చాప మాత్రమే మిగులును.

అట్లని ఇండ్లు కట్టుటలో మన రాష్ట్రము వెనుకబడినది కాదు. 1983 తరువాత పేదలకు పక్కా ఇండ్లు పెద్దయెత్తున లేచినవి. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చినది. 2020 డిసెంబరులో ముప్పది లక్షలకు పైగా కుటుంబములకు స్థలముల పట్టాలిచ్చు కార్యమారంభమైనది. ఈ సీమలో ఆ ఉత్సవము శ్రీకాళహస్తి చెంతనున్న ఊరందూరున జరిగినది. పల్లెలో సెంటున్నర, పట్టణమున సెంటు నేల. ఇంటికి లక్షా ఎనుబది వేలు. ఆ మొత్తము చాలక ఇండ్లు సగములో నిలిచిపోగా, 2025లో ప్రభుత్వము షెడ్యూల్డు తెగలవారికి అదనముగ డెబ్బదియైదు వేలు ప్రకటింపవలసివచ్చినది.

ఈ పథకములు కుటుంబమును, రేషను కార్డును, కట్టించుకొను శక్తిని ఎదుట పెట్టుకొని రచింపబడినవి. కార్డు లేని ఒంటరివాడు, మతి చలించి ఊరు మరచినవాడు, బిడ్డలు విడిచిన ముదుసలి వీనిని అందుకొనలేరు. అందుకొన్న యానాదికి సైతము ఊరికి దూరముగ, పనికి దూరముగ స్థలమిచ్చినచో గోడలు లేవకమునుపే అతడు మరల తోటకు పోవును. వసతిగృహమున తోడు గలదు, శాశ్వతము లేదు. గృహపథకమున శాశ్వతము గలదు, తోడు లేదు. రెండు కాలువలు వేర్వేరుగ పారుచుండ, నడుమనున్న చేను ఎండుచున్నది.

ఈ రెంటిని కలిపినవారు లేకపోలేదు. సత్యవేడునుండి ఒక్క పూటలో చేరదగిన చెన్నపట్టణముననే అట్టి ప్రయత్నము జరిగినది. వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అను ఇరువురు 1993లో, వీథులందు తిరుగు మానసిక రోగులగు స్త్రీలకొరకు ‘ది బానియన్’ అను సంస్థను నెలకొల్పిరి. చికిత్స ముగిసినను పోవుటకు ఇల్లు లేనివారు ఆశ్రమముననే ఏండ్ల తరబడి ఉండిపోవుట చూచి, 2015లో ఆ సంస్థ ‘హోమ్ ఎగైన్’ అను పద్ధతిని ప్రారంభించినది. నలుగురైదుగురు స్త్రీలు సామాన్యమైన వీథిలో, సామాన్యమైన అద్దెయింట కలిసి కాపురముందురు. వారికి చేదోడుగ ఒక సహాయకురాలుండును. వంట, సంత, మందు, ఇరుగుపొరుగుల పలకరింపు: ఇవియే అచ్చటి చికిత్స. మానసిక రోగికి సమాజము నడుమ జీవించు హక్కు కలదని 2017 నాటి మన చట్టమే అంగీకరించినది.

విదేశములలో ఫిన్లాండు ఈ త్రోవను జాతీయ విధానముగ 2008లో స్వీకరించినది. అచ్చటివారు వసతిగృహములను మూసివేసి చేతులు దులుపుకొనలేదు. వానినే చిన్న చిన్న ఇండ్లుగ మార్చి, ఇంటివానికి కౌలుపత్రమిచ్చి, సహాయకులను నియమించిరి. ముందు ఇల్లు, పిదప తక్కిన సంస్కరణ యనునది వారి సూత్రము. 1980ల చివర పదహారు వేలకు మించిన వారి గృహహీనుల సంఖ్య 2023 నాటికి మూడు వేల నాలుగు వందల ప్రాంతమునకు దిగినది. 2024లో మరల కొంత పెరిగినది. శ్రద్ధ సడలరాదనుటకు అదియు ఒక పాఠమే.

“ఇల్లిచ్చిన అమ్ముకొందురు” అని కొందరందురు. అమ్ముకొనుట కొన్నియెడల నిజమే. కాని ఏల అమ్మెనో అడుగవలదా? వైద్యమునకో, పాత అప్పునకో, పనికి దూరమైనందుననో అమ్మినవానిని నిందించుటకంటె, ఆ కష్టము వచ్చిననాడు ప్రక్కన నిలుచు మనిషిని ముందుగనే నియమించుట మేలు గదా! మరికొందరు “ఈ రాత్రి వానకు ఏమి చేయుదుము?” అందురు. ఇది న్యాయమైన ప్రశ్న. 2021 నవంబరు వరదలను చూచిన ఈ జిల్లాలో వసతిగృహములను వలదనువాడెవడు? ఇల్లు సిద్ధము కానిదే పడక తీయరాదు. కాని వసతిగృహము మజిలీ గావలెనే గాని గమ్యము గారాదు.

సత్యవేడువంటి చిన్న ఊరికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఊరిలోపలనే నాలుగైదు ఇండ్లు. వానికి ఒక జీతపు సహాయకురాలు. ఆమెను స్త్రీల పొదుపు సంఘములనుండియే ఎన్నుకొనవచ్చును. కార్డు తెప్పించుట, పింఛను ఇప్పించుట, ఆసుపత్రికి తీసికొనిపోవుట, యానాది కుటుంబమునకు పని చెంతనే పట్టా దొరకునట్లు కార్యాలయముల చుట్టు తిరుగుట ఆమె విధులు. వసతికైన సొమ్ములో కొంత భాగమును ఏటేట ఇటు మరలించుచు, పట్టణమను షరతును సడలించినచో ఇది సాధ్యమే.

ఇకమీదట అధికారులు ఎన్ని పడకలు వేసితిమని గాక, వీథినుండి ఇంటికి చేరినవారిలో ఎందరు మరుసటి యేటికిని ఆ యింటనే యున్నారని లెక్కచెప్పవలెను. ప్రజలును వారిని అదియే అడుగవలెను.